తూటా ఒకటి, ప్యాకింగుతో సహా

మూడోవలస గ్రహం మీద, కుడిగట్టు సైన్యం వారి వాగు ఠాణాలో నేను స్టోరు అధికారిని. పేరు కూర్మనాథం. యుద్ధంలో నాకు ప్రత్యేకంగా శత్రువులంటూ ఎవరూ లేరు. ఖాళీ తేకుండా నిండుది అడిగేవాళ్లంటే మాత్రం ఒళ్లు మండిపోతుంది.

మా స్టోరు నిబంధనావళికి ప్రాణం లాంటి నియమం ఒకటుంది. ఖాళీ ఇచ్చి నిండుది తీసుకోవలెను. బ్యాటరీ అయిపోతే అయిపోయిన బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టాలి, కొత్తది పట్టుకెళ్లాలి. చీపురు అరిగితే అరిగిన చీపురు, చెప్పు తెగితే తెగిన చెప్పు. ఒకసారి ఓ సిపాయి సబ్బు అయిపోయిందని వచ్చాడు. అయిపోయిన సబ్బు ఏదని అడిగాను. అతను చాలాసేపు ఆలోచించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతని పక్కన ఎవరూ భోజనానికి కూర్చోలేదు గానీ, నియమం మాత్రం నిలబడింది.

ఎడమగట్టు వాళ్లు కూడా పరాయివాళ్లేం కారు. మా ముత్తాతలూ వాళ్ల ముత్తాతలూ ఒకే ఓడలో ఈ గ్రహం మీద దిగారు. దిగాక, అక్కడున్న ఒకే ఒక్క మంచుదిబ్బ ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఎండిపోయిన వాగుకి చెరో గట్టునా చేరారు. ఓడలో సామాన్లన్నీ కొట్టుకుని మరీ పంచుకున్నారు. నిబంధనావళి ప్రతులు రెండు ఉండటం వల్ల దాని దగ్గర మాత్రం గొడవ రాలేదు.

తరతరాలుగా మేము కాంతితుపాకీలతోనే పోరాడుతూ వచ్చాం. మేము కిరణం వదిలితే వాళ్ల కవచం ఆపుతుంది. వాళ్లు వదిలితే మా కవచం ఆపుతుంది. సాయంత్రం పూట రెండు గట్ల మధ్యా రంగురంగుల వెలుగు పడుతూ చూడటానికి ముచ్చటగా ఉండేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. యుద్ధం అలా ప్రశాంతంగా సాగిపోతూ ఉండగా, రాజధానిలో ఒక పెద్దమనిషికి ఒక ఆలోచన వచ్చింది.

ఆయన పుండరీకాక్షం గారు. మా కవచాలు ఎంత తెలివైనవంటే, ఎదురొచ్చే ప్రతిదాన్నీ పరిశీలించి, ఆయుధమైతే ఆపుతాయి, కాకపోతే వదిలేస్తాయి. సీసం ముక్క ఎదురొస్తే దాన్ని అటూ ఇటూ చూసి, ఇందులో తెలివేమీ లేదు గనక ఇది ఆయుధం కాదని తేల్చి లోపలికి పంపించేస్తాయట. ఈ సంగతి కనిపెట్టినందుకు పుండరీకాక్షం గారిని ప్రక్షేపణాయుధ పునరుద్ధరణ సంచాలకుల్ని చేశారు. వేల ఏళ్ల కిందట భూమ్మీద వాడి పారేసిన మందుగుండు తుపాకీని, గొట్టంలో మందు పోసి సీసం గుండు వేసి కూరే రకాన్ని, మళ్లీ తయారు చేయించారు.

ఇక రాజధానికి పిచ్చెక్కింది. ఆడవాళ్లు గుండు ఆకారం లోలకులు పెట్టుకున్నారు. మందు వాసన వచ్చే పౌడరు వచ్చింది. పొద్దున్నే వార్తలకి ముందు గంటకి బదులు ఢామ్మని తుపాకీ చప్పుడు వినిపించేవారు. సంచాలకుల వారు మా ఠాణా తెర మీద కనిపించి ఉపన్యసించారు.

"సీసము మన సంస్కృతి. శబ్దము మన వారసత్వము. నిశ్శబ్దముగా యుద్ధము చేయుట వలన మన సిపాయి తాను యుద్ధము చేయుచున్న విషయమునే మరచిపోయినాడు. ఇకపై ప్రతి సిపాయియు పేల్చవలెను, పేల్చినది తానే వినవలెను."

సిపాయిలందరికీ మీసాలు తప్పనిసరి చేశారు. ఆడ సిపాయిలకు మినహాయింపు ఇచ్చే విషయం పరిశీలనలో ఉందన్నారు.

తుపాకీలు వచ్చాయి. మొదటిరోజు మావాళ్లు అందరూ ఒకేసారి పేల్చారు. ఆ చప్పుడుకి ఎడమగట్టు సైన్యం మొత్తం పారిపోయింది. మా సైన్యం కూడా పారిపోయింది. మూడోవలసలో పుట్టినవాళ్లెవరూ అంత చప్పుడు ఎన్నడూ విని ఉండకపోవడం వల్ల, రెండు గట్లూ కాసేపు ఖాళీగా ఉండిపోయాయి. మా వాళ్లే కాస్త ముందుగా తిరిగొచ్చారు గనక గెలిచింది మేమేనని సంచాలకుల వారు ప్రకటించారు. నెల తిరక్కుండానే ఎడమగట్టు వాళ్లూ అలాంటి తుపాకీలే చేసుకున్నారు.

ఇంతకీ ఆ మొదటిరోజు సాయంత్రమే అసలు విషయం మొదలైంది. లెంక పైడిరాజు అనే సిపాయి రెండో తూటా కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. తూటా అంటే కాగితం పొట్లంలో మందు, దాంతోపాటు ఒక సీసం గుండు. పైడిరాజు చిరిగిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇది కాగితం. తూటా ఏదీ?" అన్నాను.

"పేలిపోనాది కదండి బాబూ."

"పేలినదే తెమ్మంటున్నాను. పేలనిది నాకెందుకు?"

పైడిరాజు వాగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది అక్కడెక్కడో ఇసకలో పడుంటాదండి. ఆళ్ల గట్టు కాడ. నానెలగ తెచ్చేది?"

అతని సందేహం నాకూ సబబుగానే తోచి సంచాలకుల వారిని అడిగాను. ఆయన కమిటీ వేసి, నెల దాటాక స్పష్టీకరణ చదివి వినిపించారు.

"కాగితము ప్యాకింగు మాత్రమే. నియమమున కోరబడిన ఖాళీ యనగా వాడబడిన గుండు. దానిని ప్యాకింగుతో ఇచ్చినను, ప్యాకింగు లేకుండ ఇచ్చినను, వేరొక ప్యాకింగులో ఇచ్చినను అభ్యంతరము లేదు. ఇక మందు విషయమున ఖాళీ యనగా పొగ. పొగను పట్టి తెచ్చు విధానము రూపొందు వరకు పొగకు మినహాయింపు."

పొగ విషయంలో ఆయన చూపించిన ఉదారత మా ఠాణాలో అందరినీ కదిలించింది.

అయితే పేల్చిన గుండుని వెతుక్కోవాలి. మా వాళ్లు వాగులోకి దిగారు. చూస్తే అక్కడ ఎడమగట్టు వాళ్లు అప్పటికే వంగి ఇసక తవ్వుకుంటున్నారు. నిబంధనావళి వాళ్లదీ అదే కదా. రెండు సైన్యాలూ ఒకళ్లనొకళ్లు చూసుకుని కాసేపు మొహమాటపడ్డాయి. తర్వాత రోజూ సాయంత్రం కాల్పులు ఆపి, వెతుకుడు గంట అని ఒకటి పెట్టుకున్నారు. గంట కొట్టగానే అందరూ దిగడం, ఎవరి గుండ్లు వాళ్లు ఏరుకోవడం. కలిసిపోకుండా మా గుండ్లకి పసుపు పూశాం, వాళ్లు కుంకుమ పూసుకున్నారు.

"బావా, ఈ పసుపుది మీదేటి?"

"మాదే. ఇలా ఇచ్చీ బావా. నీది అదుగో, ఆ రాయి కింద ఉంది సూడు."

ఇలా కొన్నాళ్లు గడిచాక సిపాయిలకి ఇంకో ఉపాయం తట్టింది. ఎటుపడితే అటు పేలిస్తే వెతకడం కష్టం. అందుకని వాగు మధ్యలో రెండు సైన్యాలూ కలిసి ఒక ఇసక గుట్ట పోశాయి. ఇటువాళ్లు ఇటునుంచి దాన్ని కాల్చడం, అటువాళ్లు అటునుంచి కాల్చడం. గుండు లోతుగా దిగిపోకుండా మందు సగమే పోసేవారు. సంచాలకుల వారికి నేను పంపిన నివేదికలు బంగారంలా ఉండేవి. ఒక్క తూటా వృథా కాలేదు. రెండువైపులా గురి అద్భుతంగా కుదిరింది. ఆయన మా ఠాణాని ఆదర్శ యుద్ధక్షేత్రంగా ప్రకటించి నాకు ఇత్తడి గుండు ఒకటి బహూకరించారు.

ఇంతలో సరుకుల ఓడ వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. రాజధానికి వెళ్లాలంటే ఆ ఓడ ఒక్కటే ఆధారం. ఎప్పుడో వస్తుంది, దింపి ఎక్కించుకుని పోతుంది, మళ్లీ ఏడాదిన్నర దాకా దాని మొహం కనిపించదు. పైడిరాజుకి రాజధానిలో గున్నమ్మ అనే అమ్మాయితో పెళ్లి కుదిరి ఉంది. వరసగా రెండు ఓడలు అతనికి సెలవు దొరక్కుండానే వెళ్లిపోయాయి. ఈసారి గున్నమ్మే తెర మీదికి వచ్చి మాట్లాడింది. మా ఠాణాలో ఒకటే తెర గనక అందరం విన్నాం.

"ఈ ఓడకి వస్తే నీకు పెళ్లాన్ని. వచ్చే ఓడకి వస్తే నాను ఇద్దరు పిల్లల తల్లిని, ఆ పిల్లలు నీవోళ్లు కారు. ఇనిపించిందేటి?"

పైడిరాజుకి బాగానే వినిపించింది. ఆ రోజు నుంచీ అతను అన్నం సరిగ్గా తినలేదు. సెలవు మంజూరైంది. స్టోరుకి బాకీ ఏమీ లేదని నేను ఒక్క మాట అంటే చాలు, ఓడ ఎక్కెయ్యొచ్చు.

ఓడ దిగబోయే ముందురోజు సాయంత్రం పైడిరాజు తన ఆఖరి తూటా పేల్చాడు. గుట్టకే గురిపెట్టాడు. అయితే ఎడమగట్టు వాళ్ల గడియారం ఆ పూట కాస్త ముందు నడిచింది. వాళ్లకి వెతుకుడు గంట కొట్టేసింది, మాకింకా కొట్టలేదు. దాలినాయుడు అనే ఎడమగట్టు సిపాయి అందరికంటే ముందొచ్చి, గుట్టకి మా వైపున వంగి, అటునుంచి దాటొచ్చి పడిన తన గుండు కోసం ఇసక కెలుకుతున్నాడు. అతను కాస్త భారీ మనిషి. వంగితే గుట్ట కనిపించలేదు.

పైడిరాజు గుండు పోయి దాలినాయుడి కుడి పిర్రలో దిగింది.

యుద్ధంలో ఒకరికి దెబ్బ తగలడం మూడోవలస చరిత్రలో అదే మొదలు. రెండు సైన్యాలూ పరుగెత్తుకెళ్లి ఆయన చుట్టూ మూగాయి. పైడిరాజు ఏడుస్తూ ఆయన కాళ్లు పట్టుకున్నాడు. దాలినాయుడు బోర్లా పడుకుని, "పోన్లే బావా, సగం మందే కదా, మాంసంలోనే ఆగింది," అని అతన్ని ఊరుకోబెట్టాడు. తర్వాత ఆయన్ని మంచం మీద మోసుకుని వాళ్ల గట్టుకి తీసుకెళ్లిపోయారు.

గుండు కూడా ఆయనతో పాటే వెళ్లిపోయిందని ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. మర్నాడు పొద్దున్న పైడిరాజు ట్రంకుపెట్టె పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చినప్పుడు నేనే గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

"గుండు ఏదీ?"

అతను పెట్టె కింద పెట్టేశాడు. "బాబూ, తవరు ఎరగందేటుంది. అది దాలినాయుడు బావ దగ్గరుండిపోనాది."

"తెచ్చి ఇవ్వు, వెళ్లు."

"ఓడ రేపు పొద్దున్న లేచిపోద్దండి. గున్నమ్మ ఊరుకోదండి."

నాకు జాలి కలగలేదని అనను. కలిగింది. కానీ జాలి స్టోరులో ఎక్కడ పెట్టాలో నిబంధనావళిలో లేదు. పైడిరాజు తుండుగుడ్డ ఒకటి కర్రకి కట్టుకుని వాగు దాటాడు. ఏం జరిగిందో సాయంత్రం అతనే చెప్పాడు.

అక్కడ దాలినాయుడు ఆసుపత్రిలో బోర్లా పడుకుని సున్నుండలు తింటున్నాడట. మొట్టమొదటి క్షతగాత్రుడని ఆయనకి పతకం ఇచ్చారు, పెట్టుకోవడానికి ఛాతీ కింద ఉండిపోవడం వల్ల దిండుకి గుచ్చారు. గుండు ఇప్పించమని పైడిరాజు వాళ్ల వైద్యాధికారిణిని బతిమాలాడు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది.

"సదరు గుండు మా సిపాయి శరీరములోనికి అనుమతి లేకుండ ప్రవేశించిన శత్రువుల ఆస్తి. శత్రువుల ఆస్తి మా గట్టు మీద పడిన క్షణము నుండి మా ప్రభుత్వ ఆస్తి. మా ప్రభుత్వ ఆస్తిని ఉన్న చోటు నుండి కదిలించుటకు నాకు అధికారము లేదు."

"మరి ఆ మనిషి నడవొచ్చాండి?" అని పైడిరాజు అడిగాడు.

"నడవవచ్చును. కూర్చొనరాదు. ఆయన ప్రస్తుతము వైద్య సెలవులో నున్నాడు. సెలవులో నున్న సిపాయి ఎచటికేగునో విచారించుట మా పని కాదు."

పైడిరాజు దాలినాయుడి మంచం పక్కన కూలబడి సంగతంతా చెప్పాడట. దాలినాయుడు సున్నుండ నమిలి మింగి, ముఖ్యమైన ప్రశ్న అడిగాడు.

"పెళ్లంటున్నావు. బూరెలు వండిస్తారేటి?"

"వండిస్తారు బావా."

"నెయ్యి?"

"మా అత్తోరు నేతికి లోటు సెయ్యరు."

"అయితే పద. గుండు ఇమ్మన్నారు గానీ, బయటికి తీసి ఇమ్మన్నారేటి ఎవులైనా?"

చీకటి పడకముందే ఇద్దరూ నా బల్ల ముందు నిలబడ్డారు. దాలినాయుడు వెనక్కి తిరిగి, వంగి, కట్టు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇందులో ఉందండి బాబూ. తవరు నొక్కి సూసుకోవచ్చు."

నేను నొక్కి చూసుకున్నాను. ఆయన మూలిగాడు. గుండు అక్కడ ఉన్న మాట వాస్తవం. నిబంధనావళి తీసి సంచాలకుల వారి స్పష్టీకరణ మళ్లీ చదివాను. వేరొక ప్యాకింగులో ఇచ్చినను అభ్యంతరము లేదు. ఎంత ముందుచూపుతో రాశారో తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి. దాలినాయుణ్ణి కాటా ఎక్కించి, బరువు చూసి, తూటా ఒకటి, ప్యాకింగుతో సహా ముట్టింది అని రసీదు ఇచ్చేశాను. పైడిరాజు నన్ను కావలించుకోబోయాడు. అధికారిని గనక తప్పుకున్నాను.

అయితే ముట్టిన సరుకు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. తూటాలు పెట్టే అలమరలో దాలినాయుడు పట్టలేదు. పైగా ఆయన రాత్రి భోజనం ఎన్నింటికని అడుగుతున్నాడు. చేసేది లేక సంచాలకుల వారిని తెర మీదికి పిలిచాను. ఆయన సరుకుని ముందు నుంచీ వెనక నుంచీ చూసి పులకించిపోయారు.

"లక్ష్యమును ఛేదించిన తొలి గుండు. దీనిని రాజధానిలో ప్రదర్శనకు ఉంచవలెను. ప్యాకింగు ఊపిరి పీల్చుచున్నదా?"

"పీలుస్తోందండి."

"నిల్వ స్థితి సంతృప్తికరము. దీనిని రేపటి ఓడలోనే పంపవలెను. వాడిన సిపాయియే వెంట రావలెను. అందుచేత అతని సెలవు రద్దు చేసి, విధి నిర్వహణపై పంపుచున్నాము. పంపిన బరువునకే ఇచట స్వీకరింతుము. స్వీకరించిన పిదప అతడు తదుపరి ఓడలో ఠాణాకు మరలి రావలెను. స్వీకరించు వరకు సరుకును కనిపెట్టుకొని ఉండవలెను."

సెలవు రద్దన్న మాట విని పైడిరాజు మొహం మాడిపోయింది. పెళ్లి చేసుకుని మళ్లీ ఓడకే వెనక్కి రమ్మంటే గున్నమ్మ ఏమంటుందో అతనికి తెలుసు. కానీ ఓడ ఎక్కడమే ముఖ్యం కదా. మర్నాడు పొద్దున్న ఓడ లేచింది. ప్యాకింగు కూర్చోకూడదు గనక దారంతా బోర్లా పడుకునే వెళ్లింది. దాలినాయుడు పైడిరాజు చేతిలో పసుపు గుండు లాంటి లడ్డు ఒకటి పెట్టి, "దిగులు పడకు బావా, ఉన్నాను కదా," అన్నాడని ఓడ సరంగు తర్వాత తెర మీద చెప్పాడు.

రాజధాని చేరాక ఏం జరిగిందో సంచాలకుల వారి నోటే విన్నాను. ఆయన ఈసారి తెర మీద పులకింతలో లేరు.

"కూర్మనాథం గారూ, సరుకును కాటాపై ఉంచితిమి. బరువు సరిపోలేదు. మీరు పంపినదానికంటె ఎక్కువ యున్నది. నిబంధన ప్రకారము స్వీకరించ వీలుపడదు."

"తగ్గితే కదండీ దొంగతనం. పెరిగింది కదా."

"తగ్గినను పెరిగినను తేడా తేడాయే. ఓడ దిగిన దినముననే పెళ్లి జరిగినదట. సరుకును పెళ్లికూతురి మేనమామ స్థానమున నిలబెట్టి పదహారు రకములు వడ్డించినారట. బరువు పూర్వస్థితికి వచ్చు వరకు ఆ సిపాయి ఇంటనే ఉంచవలెనని ఆదేశించితిమి. వారము వారము తూచుచున్నాము. వారము వారము పెరుగుచున్నది. ఇందులోని మర్మము మా కమిటీకి అంతుబట్టుట లేదు."

మర్మం ఆ సాయంత్రమే మాకు అంతుబట్టింది. పైడిరాజు తెర మీదికి వచ్చాడు. అతనూ కాస్త ఒళ్లు చేశాడు. వెనక వంటింట్లోంచి పెద్ద గిన్నెతో గున్నమ్మ వచ్చింది. గోడ పక్కన బల్ల మీద బోర్లా పడుకుని ఉన్న దాలినాయుడి కంచంలో, వేడివేడి పప్పన్నం మధ్య గుంట చేసి, అందులో నెయ్యి ధారగా పోసింది.

"సాలమ్మా," అన్నాడు దాలినాయుడు.

"నువ్వూరుకో అన్నా. నువ్వు సిక్కిపోతే మా ఆయన్ని మళ్లీ యుద్ధానికి తోలీస్తారు. తిను," అంది గున్నమ్మ, ఇంకో గరిట పోస్తూ. పైడిరాజు మమ్మల్ని చూసి సిగ్గుపడి నవ్వాడు.

ఆ తెర ముందు ఆ సమయంలో మా ఠాణా అంతా ఉంది. వెతుకుడు గంట కావడంతో ఎడమగట్టు వాళ్లూ చాలామంది వచ్చి కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. నెయ్యి పడుతున్న చప్పుడు అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత ఎవరి గట్టుకి వాళ్లు ఏదో ఆలోచిస్తూ వెళ్లారు.

మర్నాడు పొద్దున్న కాల్పుల వేళ దాటినా ఒక్క చప్పుడూ వినిపించలేదు. ఏమైందోనని గట్టెక్కి చూశాను. వాగుకి అటు పక్క ఎడమగట్టు సైన్యం మొత్తం వరసకట్టి, మాకు వీపు చూపించి, వంగి నిలబడి ఉంది. వరస చివర వాళ్ల వైద్యాధికారిణి కూడా ఉంది. ఇటు పక్క మా సైన్యమూ అంతే, అటువైపుకి వీపు పెట్టి వంగి ఉంది. తుపాకీలన్నీ మందు కూరి సిద్ధంగా నేల మీద పడి ఉన్నాయి.

"కాల్చరేమయ్యా?" అని అరిచాను.

"ముందు ఆళ్లని కాల్చమనండి బాబూ," అన్నారు మావాళ్లు వంగే ఉండి. అటునుంచీ అదే మాట వచ్చింది.

నేను స్టోరు అధికారిని. పరిస్థితిని స్వయంగా తనిఖీ చెయ్యడం నా బాధ్యత గనక, వరసలో ఖాళీ చూసుకుని నేనూ వెనక్కి తిరిగి వంగి నిలబడ్డాను. ఎండ ఎక్కేదాకా అలాగే ఉన్నాం. రెండు గట్ల మీదా అంతమంది సైన్యం ఉంది, కాల్చడానికి వాగు వైపు మొహం తిప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.